గాలానికి ముందు ఓ మునక

కయాక్ మీద చేపల వేటకు కొత్తగా దిగుతున్న అమెరికా తెలుగువాళ్లు మొదటి వారాంతంలో చేయాల్సిన పని

వాషింగ్టన్ నగరానికి దక్షిణంగా, మేరీలాండ్ ఒడ్డున మ్యాటవుమన్ అనే పెద్ద వాగు పొటోమాక్ నదిలో కలుస్తుంది. ఆటుపోట్లకు రెండడుగులకు అటూ ఇటూగా దిగుతూ ఎక్కుతూ ఉండే నీళ్లు, కాలు పెడితే మోకాలిదాకా లోపలికి లాగే బురద, పైన కలువాకులు, నాచు. ఆ ఆకుల నీడన మన కొర్రమీనుకు దాయాది ఒకటి కాపురం పెట్టింది. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనుదీ, దీనిదీ ఒకే కుటుంబం. ఇది చైనా ప్రాంతం చేప. అమెరికన్లు స్నేక్‌హెడ్ అంటారు. మన కొర్రమట్టలాగే గాలి పీల్చుకుంటుంది, నీళ్లలోంచి తీసినా చాలాసేపు బతుకుతుంది, పిల్లల గుంపును తల్లీతండ్రీ కాపలా కాస్తాయి.

ఈ చేప 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ ఊరి చెరువులో బయటపడినప్పుడు పెద్ద గగ్గోలే పుట్టింది. చెరువులో మందు కలిపి ఉన్న చేపలన్నిటినీ చంపేశారు. బతికున్న స్నేక్‌హెడ్‌లను దేశంలోకి తేవడాన్ని, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడాన్ని అమెరికా ప్రభుత్వం అదే ఏడాది నిషేధించింది. రెండేళ్లు తిరక్కముందే అది పొటోమాక్‌లో తేలింది. ఇక వదిలించుకోవడం అయ్యే పని కాదని తెలిశాక అధికారులు కూడా పట్టుకోండి, వండుకోండి అనే దారికొచ్చారు. మేరీలాండ్‌లో దీన్ని ఎన్నయినా పట్టుకోవచ్చు, ఏ నెలలోనైనా పట్టుకోవచ్చు. జనం తినడానికి జంకకుండా 2024లో ‘చెసపీక్ చన్నా’ అని కొత్త పేరు కూడా పెట్టారు. కొర్రమీను పులుసు రుచి తెలిసినవాళ్లకు ఆ ప్రోత్సాహం అవసరం లేదనుకోండి.

చిక్కల్లా అది ఉండే చోటుతోనే. నాచులోకి మోటారు పడవ రాదు, బురదలో మనిషి నడవలేడు. జానెడు లోతు ఉంటే చాలు, కయాక్ మాత్రం చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. అందుకే శనివారం తెల్లవారుజామున వాషింగ్టన్ శివార్లలోని ఆష్‌బర్న్ నుంచో, హెర్న్‌డన్ నుంచో, రాక్‌విల్ నుంచో కారు మీద కయాక్ కట్టుకుని బయల్దేరేవాళ్లలో మనవాళ్లూ ఉంటున్నారు. “అన్నా, రేపు వస్తావా? నా దగ్గర ఇంకో కయాక్ ఉంది” అన్న ఒక్క మెసేజ్‌తో ఈ సరదా మొదలవుతుంది. ప్రమాదమూ చాలాసార్లు ఆ మెసేజ్‌తోనే మొదలవుతుంది.

ఎందుకంటే కారు నడపాలంటే పరీక్ష రాయాలి. మోటారు లేని కయాక్ నడపడానికి ఎవరూ ఏమీ అడగరు. పెద్ద దుకాణంలో రెండు మూడు వందల డాలర్లు కట్టి, సాయంత్రానికల్లా నీళ్లలో ఉండొచ్చు. అమ్మేవాడు ఈత వచ్చా అని అడగడు. అమెరికా కోస్ట్‌గార్డ్ లెక్క ప్రకారం 2023లో ఆ దేశంలో సరదా పడవ ప్రయాణాల్లో 564 మంది పోయారు. కారణం తెలిసిన మరణాల్లో నాలుగింట మూడు వంతులు నీటమునిగినవే. అలా మునిగిన వాళ్లలో, లైఫ్ జాకెట్ ఉందో లేదో నమోదైనంతవరకు, నూటికి 87 మంది ఒంటిమీద అది లేదు. పడవలో ఉండి ఉండొచ్చు. సీటు కింద మడిచిపెట్టిన జాకెట్ కయాక్ తిరగబడినప్పుడు ఎవరికీ అందదు.

చట్టం అడిగేది మనిషికొక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలని మాత్రమే. మేరీలాండ్‌లో పదమూడేళ్ల లోపు పిల్లలు చిన్న పడవల్లో దాన్ని తొడుక్కునే ఉండాలి. న్యూయార్క్ ఇంకో అడుగు ముందుకేసి, నవంబరు 1 నుంచి మే 1 దాకా చిన్న పడవల్లో ఉన్న ప్రతివాళ్లూ తొడుక్కోవాల్సిందేనంది. పెన్సిల్వేనియా, మసాచుసెట్స్‌ల్లో కూడా చలికాలానికి ఇలాంటి నిబంధన ఉంది. ఆ చలికాలపు నెలల వెనక ఉన్న సంగతి తెలుగువాళ్లకు అంత త్వరగా బుర్రకెక్కదు. మనం పుట్టి పెరిగిన చెరువుల్లో, కాలువల్లో నీళ్లు మనల్ని చంపేంత చల్లగా ఎప్పుడూ ఉండవు మరి.

ఏప్రిల్ ఎండను నమ్మొద్దు

వాషింగ్టన్ చుట్టుపక్కల ఏప్రిల్ మొదటి వారాల్లో ఒక్కోరోజు పాతిక డిగ్రీల ఎండ కాస్తుంది. చెర్రీ పూలు చూడ్డానికి జనం టీషర్టుల్లో తిరుగుతుంటారు. ఆ రోజు నది నీళ్లు పది పన్నెండు డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందులో హఠాత్తుగా పడ్డ మనిషికి మొదట వచ్చేది వణుకు కాదు, ఎగశ్వాస. తన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణాన తల నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లనే. ఈతలో బహుమతులు తెచ్చుకున్నవాళ్లయినా అక్కడ చేయగలిగింది తక్కువ.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు చన్నీళ్లలో శరీరానికేమవుతుందో తెలుసుకోవడానికి తననే పదేపదే మంచునీళ్లలో ముంచుకున్నాడు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటి-పది-ఒకటి. మంచులాంటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ చెప్పినమాట వినేది ఓ పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. పది పదిహేను డిగ్రీల నీళ్లలో వ్యవధి కాస్త పెరుగుతుంది కానీ మొదటి నిమిషపు ఎగశ్వాస దాదాపు అంతే గట్టిగా ఉంటుంది. ఆ నిమిషం తల పైన నిలబెట్టేది లైఫ్ జాకెట్ ఒక్కటే.

చన్నీళ్లలో తిరిగే అనుభవజ్ఞులు డ్రైసూట్, వెట్‌సూట్ వేసుకుంటారు. ఒడ్డున ఎంత ఎండగా ఉన్నా నీళ్ల చల్లదనాన్ని బట్టే బట్టలు ఎంచుకుంటారు. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంకా తేలికైన మాట: నీళ్లు 21 డిగ్రీలు, అంటే 70 ఫారెన్‌హీట్ దాటేదాకా ఆగండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు చాలినన్ని శనివారాలున్నాయి. కలువాకుల మీద రబ్బరు కప్పను ఆడించి స్నేక్‌హెడ్‌ను రెచ్చగొట్టే వేట ఎలాగూ వేసవిలోనే బాగుంటుంది.

కయాక్ విషయానికొస్తే, రెండు రకాలుంటాయి. లోపల కాళ్లు దూర్చి కూర్చునేది ఒకటి, పైన కూర్చునేది ఇంకొకటి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ వేటగాళ్లు సీలు తోలుతో కట్టుకున్నది మొదటి రకం. చలిగాలికి అదే మంచిది. కానీ తిరగబడితే నీళ్లతో నిండిపోతుంది, నడిమధ్యలో ఆ నీళ్లు తోడిపోసుకోవడం కొత్తవాడి వల్ల కాదు. రెండోది 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని మాలిబూలో టిమ్ నీమియర్ అనే కుర్రాడి చేతుల్లో రూపు దిద్దుకుంది. మూసేసిన ప్లాస్టిక్ గుల్ల మీద సీటు, పైకి వచ్చిన నీళ్లు కిందికి జారిపోవడానికి రంధ్రాలు. ఉత్తరాంధ్ర తీరంలో దుంగలు కట్టిన తెప్ప మీద సముద్రంలోకి పోయే మత్స్యకారులకు ఈ సూత్రం ఎన్నో తరాల నుంచి తెలుసు. నీటిని ఆపే గోడలు లేని పడవలో నీళ్లు నిలవవు. చేపల వేట మొదలుపెట్టేవాళ్లు పైన కూర్చునే రకమే కొనాలి, అందులో తర్జనభర్జన అక్కర్లేదు. పది పన్నెండు అడుగుల పొడవు, 32 అంగుళాలకు తగ్గని వెడల్పు. దాని మీద రాసిన బరువు పరిమితిలో మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోవాలి. మనిషి బరువుకు ఐసుపెట్టె, తాగేనీళ్లు, లంగరు, తెచ్చుకున్న పులిహోర, పట్టుకున్న చేపలు అన్నీ కలుస్తాయని గుర్తుంచుకోవాలి.

గుల్ల లోపలికి చేరిన నీళ్లు వంపడానికి వెనకవైపు ఒక బిరడా ఉంటుంది. ఇంట్లో కడిగినప్పుడు తీసి, నీళ్ల దగ్గర పెట్టడం మర్చిపోయేవాళ్లు చాలామంది. కయాక్ వెంటనే మునగదు. గంటకో గంటన్నరకో మొద్దుబారినట్టు ఒక పక్కకు ఒరగడం మొదలవుతుంది. అప్పటికి ఒడ్డు దూరంగా ఉంటుంది. కొత్తవాళ్లు ఆ బిరడాను కారు తాళాల గుత్తికి తగిలించుకుంటే మంచిది.

లైఫ్ జాకెట్ కొనేటప్పుడు కోస్ట్‌గార్డ్ ఆమోదించినట్టు లోపల చీటీ ఉందో లేదో చూడండి. వేటకు తయారు చేసిన వాటికి వెనకవైపు ఫోమ్ దిమ్మె పైకి ఉండి సీటుకు అడ్డం రాదు, ముందు జేబులుంటాయి. తొడుక్కుని పట్టీలు బిగించాక ఎవరిచేతైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగించండి. గడ్డం దాటి చెవులదాకా వచ్చేస్తే అది మీ సైజు కాదు. లాగితే గాలి నిండే బెల్టు రకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ పదహారేళ్ల లోపువాళ్లకు అది పనికిరాదు, ఈత రానివాళ్లకు అసలే వద్దు. నడుముకు బెండు కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చుకున్న పెద్దవాళ్లు “నాకు ఇవన్నీ ఎందుకురా” అంటారు. కయాక్ ఎక్కాలంటే వాళ్లకూ కావాలి.

పడటం నేర్చుకోండి

చాలా పుస్తకాలు, వీడియోలు కయాక్ ఎలా పడకుండా నడపాలో చెబుతాయి. ఈ పద్ధతి తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. చేపలు పట్టే మనిషి పక్కకు వంగుతాడు, వెనక్కి తిరుగుతాడు, వల అందుకుంటాడు, గాలం తాడు చిక్కుకుంటే లాగుతాడు. ఎప్పుడో ఒకప్పుడు పడతాడు. పడ్డాక తిరిగి ఎక్కగలడా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఒడ్డు పక్కనే, గుండెలోతు గోరువెచ్చని నీళ్లలో, స్నేహితుడు పక్కన నిలబడి ఉండగా తెలుసుకోవాలి. ఆ రోజు గాలం కర్రలు ఇంట్లోనే ఉండాలి. కొక్కేలున్న పడవను కావాలని తిరగేయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

వేటకు వేసుకునే బట్టలు, బూట్లు, జాకెట్‌తోనే దిగండి. ఒక పక్కకు వంగి కావాలనే పడిపోండి. పైకి తేలాక చేయాల్సిన మొదటి పని కయాక్‌ను వదలకపోవడం. నీళ్లలో మనిషి తల దూరం నుంచి ఎవరికీ కనపడదు, పదడుగుల ప్లాస్టిక్ గుల్ల కనబడుతుంది. గాలికి అది మనకంటే వేగంగా కొట్టుకుపోతుంది కాబట్టి ఒక్కసారి చేయి జారితే మళ్లీ దొరకడం కష్టం. బోర్లా పడ్డ కయాక్ నడిమికి చేరి, అడుగుభాగం మీదుగా చెయ్యి చాచి అవతలి అంచునో పట్టీనో దొరకబుచ్చుకోవాలి. మోకాళ్లు ఇవతలి అంచుకు ఆనించి వెనక్కి వాలితే అది వెల్లకిలా తిరుగుతుంది.

ఎక్కడం దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. నిలువుగా వేలాడుతూ చేతుల బలంతో పైకి లేవబోతే కయాక్ మళ్లీ మీదికి తిరగబడుతుంది. కాళ్లు వెనక్కి చాచి, నీటిమట్టానికి తెచ్చి, ఈత కొట్టినట్టు తన్నుతూ ఛాతీని అడ్డంగా పడవ మీదికి లాక్కోవాలి. బొడ్డు పడవ మధ్యకు వచ్చేదాకా బోర్లానే పడుకోవాలి. అప్పుడు మెల్లగా వెల్లకిలా తిరిగితే పిరుదులు సీట్లో పడతాయి. కాళ్లు చివర లోపలికి తెచ్చుకోవాలి. ముందు పొట్ట, తర్వాత కూర్చోవడం, ఆఖరున కాళ్లు. మొదటిసారి ఎవరికీ రాదు. అలిసిపోయి కూడా ఎక్కగలిగేదాకా చేయండి, అవతలి పక్క నుంచి కూడా చేయండి. పొట్ట ఉన్నవాళ్లు, భుజం నొప్పి ఉన్నవాళ్లు కాలు పెట్టి ఎక్కడానికి తాడుతో ఒక మెట్టు కట్టుకోవచ్చు. ఎంత చేసినా రాకపోతే ఆ కయాక్ మీకు సరిపడదనో, ఒంటరిగా వెళ్లకూడదనో అర్థం. ఆ సంగతి ఒడ్డు పక్కన తెలియడమే మేలు.

ఈ అభ్యాసం ఎక్కడబడితే అక్కడ కుదరదు. చాలా పార్కుల చెరువుల్లో నీళ్లలోకి దిగడం నిషేధం. ఈతకు అనుమతి ఉన్న చోటు చూసుకోవాలి, లేదా తరగతిలో చేరాలి. 1880లో పుట్టిన అమెరికన్ కనూ అసోసియేషన్‌కు ప్రధాన కార్యాలయం వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోనే ఉంది. ఆ సంస్థ ధ్రువీకరించిన శిక్షకులు దేశమంతా పాఠాలు చెబుతారు. కొత్త గాలం రీలుకు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి. ఈత అసలే రానివాళ్లు దానికంటే ముందు దగ్గర్లోని వైఎంసీఏలో పెద్దల ఈత తరగతికి వెళ్లాలి. నలభై ఏళ్ల వయసులో పిల్లల పక్కన నీళ్లలో బుడగలు ఊదడానికి సిగ్గుపడే పనిలేదు.

ఇక చోటు. మొదటి కొన్నిసార్లు మ్యాటవుమన్ వద్దు, పొటోమాక్ వద్దు. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గరి 218 ఎకరాల బర్క్ లేక్, మేరీలాండ్‌లో జర్మన్‌టౌన్ పక్కన 505 ఎకరాల లిటిల్ సెనెకా లేక్ లాంటివి చూసుకోండి. రెండింటిలోనూ పెట్రోలు మోటారు పడవలకు ప్రవేశం లేదు. హోరెత్తిస్తూ వచ్చే స్పీడ్‌బోటు అలలు ఉండవు. పొటోమాక్‌లోని గ్రేట్ ఫాల్స్ వైపు మాత్రం కన్నెత్తి చూడకండి. దాని దిగువన బ్రూక్‌మాంట్ డ్యామ్ ఉంది. పైనుంచి వచ్చేవాడికి అది నీటి మీద సన్నని గీతలా తప్ప కనపడదు. దాని కింద నీళ్లు వెనక్కి సుడి తిరుగుతూ పడ్డవాటిని పడ్డచోటే తిప్పుతుంటాయి. దాన్ని ‘ముంచేసే యంత్రం’ అని స్థానికులు ఊరికే అనరు.

గాలిని కూడా ప్రవాహమంత గౌరవించాలి. గంటకు పది మైళ్లు దాటుతుందని వాతావరణ సూచన చెబితే కొత్తవాళ్లు ఆ రోజు ఇంట్లో టిఫిన్ చేసుకోవడం ఉత్తమం. అలల కొసల మీద తెల్లటి నురగ అక్కడక్కడా కనబడటం మొదలయ్యేది దాదాపు ఆ వేగం దగ్గరే. తక్కువ గాలి ఉన్నా మొదట ఎదురుగాలికి వెళ్లాలి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. ఒడ్డు నుంచి నీళ్ల మీదికి వీచే గాలి అన్నిటికంటే మోసం చేస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి, వంద గజాలు దాటాక తిరిగిరావడం వశం కాదు. 2020 ఏప్రిల్ 2న చెసపీక్ బే ఒడ్డున షేడీ సైడ్ అనే చోట రాబర్ట్ కెనెడీ మనవరాలు మేవ్ కెనెడీ మెకీన్, ఆమె ఎనిమిదేళ్ల కొడుకు నీళ్లలో పడిన బంతి తెచ్చుకోవడానికి చిన్న కనూ పడవలో వెళ్లారు. బలమైన గాలి వాళ్లను విశాలమైన బేలోకి తీసుకుపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు.

వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు వస్తాయి. చెరువు మధ్యలో మీకంటే ఎత్తుగా ఇంకేమీ ఉండదు, చేతిలో ఉన్న గ్రాఫైట్ గాలం కర్ర గుండా విద్యుత్తు చక్కగా ప్రవహిస్తుంది. మొదటి ఉరుముకే ఒడ్డుకు రావాలి, చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలి. బయల్దేరే ముందు ఇంట్లోవాళ్లకు ఏ ర్యాంపు దగ్గర దిగుతున్నారో, ఎన్నింటికి వస్తారో రాసి పంపండి. ఆ టైం దాటితే 911కు ఫోన్ చేయమని కూడా చెప్పండి, లేకపోతే “వస్తాడులే” అని రాత్రిదాకా ఎదురుచూస్తారు. ఫోను జలనిరోధక సంచిలో మీ ఒంటిమీద ఉండాలి. ఈల జాకెట్‌కు కట్టి ఉండాలి. బీరు ఒడ్డు మీదే ఉండాలి. కోస్ట్‌గార్డ్ లెక్కల్లో ప్రాణాంతక పడవ ప్రమాదాలకు తెలిసిన కారణాల్లో మొదటి స్థానం మద్యానిదే.

అప్పుడు గాలం

పడి లేవడం వచ్చింది, తెడ్డు చేతికి అలవాటైంది. ఇప్పుడు ఒక్క గాలం కర్ర, చిన్న డబ్బాలో నాలుగు ఎరలు. వీడియోల్లో కనబడే ఆరు కర్రలు, చేపల జాడ చూపే తెర, కెమెరా ఇవన్నీ తర్వాత. పడవ మీద ఎంత సామాను ఉంటే పడ్డప్పుడు అంత తాడు మెడకు చుట్టుకుంటుంది. మొన లేని చిన్న కత్తి ఒకటి జాకెట్‌కు, చేయి చటుక్కున అందేచోట ఉంచండి. తెడ్డుకు తాడు కట్టి పడవకు తగిలించండి, ఒంటికి మాత్రం ఏ తాడూ కట్టుకోకండి.

లంగరు వేయాల్సి వస్తే ముక్కు నుంచో తోక నుంచో వేయాలి. పక్కనుంచి వేస్తే గాలి వచ్చినప్పుడు పడవ అడ్డం తిరిగి ఒరిగిపోతుంది. పారే నీళ్లలో కొత్తవాళ్లు లంగరు జోలికే పోవద్దు. చేప పడినప్పుడు ఒక్క నియమం చాలు: మీ తల పడవ అంచు దాటకూడదు. చేపను వలతో దగ్గరికి తెచ్చుకోండి, మీరు దాని దగ్గరికి వంగొద్దు. స్నేక్‌హెడ్‌కు పదునైన పళ్లుంటాయి, ఒళ్లంతా జిగురు. పడవలోకి రాగానే గిలగిలా కొట్టుకుని కొక్కేన్ని మీ తొడలో దింపగలదు. నోరు పట్టే పటకారు, పొడుగు మూతి కటింగ్ ప్లేయరు దగ్గర ఉంచుకోండి, కొక్కేల ముల్లును ముందే నొక్కి చదును చేసుకోండి. ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా వాగు లోపలికి వెళ్తే ఆటుకు నీళ్లు జారిపోయి బురదలో ఆరు గంటలు కూర్చోవాల్సి వస్తుంది. దిగి నడుద్దామంటే బురద నడవనివ్వదు.

మేరీలాండ్‌లో, వర్జీనియాలో పదహారేళ్లు నిండినవాళ్లకు ఫిషింగ్ లైసెన్స్ కావాలి. ఏ వాగుకు ఏ రాష్ట్రపు లైసెన్స్ చెల్లుతుందో ముందే చూసుకోండి, ఎందుకంటే పొటోమాక్ ప్రధాన ప్రవాహం వర్జీనియా ఒడ్డు దాకా మేరీలాండ్‌దే, వాషింగ్టన్ నగరంలోకి వస్తే డీసీ లైసెన్స్ వేరు. కయాక్‌కు చిన్న మోటారు తగిలిస్తే చాలా రాష్ట్రాల్లో దాన్ని రిజిస్టర్ చేయించాలి. పట్టిన స్నేక్‌హెడ్‌ను ఉంచుకోదలిస్తే అక్కడికక్కడే చంపి ఐసులో పెట్టాలి. తాజాగా ఉంటుందని బకెట్టు నీళ్లలో ప్రాణంతో ఇంటికి తేవడం నేరం.

ఇది చదువుతున్న మీరు అమెరికాలో కాకుండా వరంగల్‌లోనో రాజమండ్రిలోనో ఉండి, అబ్బాయో అమ్మాయో కొత్త కయాక్ ఫొటో వాట్సాప్‌లో పంపారనుకోండి. ఎంత పెట్టి కొన్నావని అడిగే ముందు, లైఫ్ జాకెట్ తొడుక్కున్న ఫొటో పంపమని అడగండి.